తిరకాసు

టంకశాలలో అందరూ అతన్ని తిరకాసు అనేవాళ్ళు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎప్పుడో పోయారు. అతని పని అచ్చులు చెక్కడం. నాణెం మీద ఏది ఎలా కనబడాలో దాన్ని తిరగేసి, ఉక్కు దిమ్మె మీద గుంటగా చెక్కాలి. కుడి ఎడమ కావాలి, ఎడమ కుడి కావాలి, పైకి తేలాల్సింది లోపలికి పోవాలి. ఆ దిమ్మె మీద వెండి బిళ్ళ పెట్టి సమ్మెటతో ఒక్కటిస్తే, తిరగబడ్డవన్నీ తిన్నగా అయి కూర్చుంటాయి. చిన్నప్పటి నుంచీ లోకాన్ని ఇలా తిరగేసి చూస్తున్నవాడికి తిరకాసు అని కాక ఇంకేం పేరు పెడతారు? పెట్టినవాడు సమ్మెట కొట్టే పిడుగు. వాడికి పిడుగు అనే పేరు ఎందుకు వచ్చిందో వాడి చప్పుడు విన్నవాళ్ళు అడగరు.

రాజులకి ఒక సంగతి బాగా తెలుసు. జనం రాజుని చూడరు, నాణెం చూస్తారు. అందుకే గద్దె ఎక్కగానే ముందు చేయించేది కిరీటం కాదు, అచ్చు. తిరకాసు కుర్రతనంలో రాజ్యం చేసింది గడ్డం పెద్దాయన. ఆయన మొదట్లో వేయించిన నాణెం మంచి వెండి, రాతి మీద పడేస్తే ఖంగుమనేది. తర్వాత యుద్ధాలు పెరిగాయి, వెండిలో రాగి పెరిగింది. వెండి పలచబడేకొద్దీ గడ్డం ఒత్తుగా చెక్కమని ఉత్తర్వు వచ్చేది. పనిలో అప్పుడే చేరిన తిరకాసు వేళ్ళు కాయలు కాసింది ఆ గడ్డం చెక్కీ చెక్కీనే.

టంకశాలలో రెండు కట్టుబాట్లు ఉండేవి. అచ్చు గడప దాటకూడదు, బయటివాళ్ళు అచ్చుని చూడకూడదు. ఇక మట్టి మాట అసలు ఎత్తకూడదు. నాణేన్ని మెత్తటి మట్టిలో అద్ది, ఆ గుంటలో సీసం పోసి దొంగ నాణేలు తీసేవాళ్ళుండేవారు. పట్టుబడితే చేతులు నరికేవారు. అందుకని టంకశాల వాళ్ళు చేతికి మట్టి అంటితే కడుక్కునేదాకా నాణెం ముట్టేవాళ్ళు కాదు. పిచ్చి పట్టింపే, కానీ తరాలుగా ఒంట్లో ఇంకిపోయిన పట్టింపు.

గడ్డం పెద్దాయన పోయాక ఆయన మనవడు రాజయ్యాడు. కొత్త అచ్చు చెక్కమని వచ్చిన ఉత్తర్వులో రాజుగారి గురించి ఉన్నది ఇంతే: కుర్రవాడు, గడ్డం లేదు, ఉంగరాల జుట్టు, ముఖం ఎదురుగా చూస్తున్నట్టు ఉండాలి. బొమ్మ పంపలేదు. రాజధాని ఎక్కడో ఉంది. తిరకాసు ఆ రాజుని కలలో కూడా చూడలేదు.

అతనికి తెలిసిన కుర్రవాడు, గడ్డం రానివాడు, ఉంగరాల జుట్టువాడు ఒక్కడే. ఆ ఏడే జ్వరం వచ్చి పోయాడు. తిరకాసుకి ఒక్కగానొక్క కొడుకు.

పని నేర్చుకునే కొడుకులు టంకశాలకి బయటివాళ్ళ లెక్కలోకి రారు. ఆ పిల్లవాడు అక్షరాలు నేర్చుకున్నది తండ్రి పనిబల్ల పక్కన కూర్చుని, అచ్చులు చూసి. అందుకని రాయడం మొదలుపెట్టినప్పుడు అంతా తిరగేసి రాసేవాడు. పంతులు చెవి మెలిపెట్టి సరిచేయాలని చూశాడు. మెలిపెట్టి మెలిపెట్టి చెవి ఎర్రబడింది గానీ రాత మారడానికి చాలాకాలం పట్టింది. "ఇదేం రాతరా, కుడితి తొట్టిలో చూసుకుని చదవాలా?" అని వాళ్ళమ్మ నవ్వేది. ఆవిడకి చదువు రాదు. అయినా కొడుకు రాత ఏదో, లోకం రాత ఏదో చూడగానే చెప్పేసేది.

ఇంకో గుర్తు ఉండేది. ఇంటి వంటగది గుమ్మం పొట్టిది. ఒకనాడు అమ్మ తినడానికి పిలిస్తే పరిగెత్తుకొచ్చి గుమ్మానికి కొట్టుకున్నాడు. ఎడమ కనుబొమ చీరుకుపోయింది. గాయం మానింది గానీ కనుబొమ మధ్యలో వెంట్రుక మొలవని సన్నటి గాటు ఉండిపోయింది. తను పిలవకపోతే ఆ దెబ్బ తగిలేది కాదని ఆవిడ చాన్నాళ్ళు అనుకుంది. పెద్దయ్యాక వాడు సమ్మెట దగ్గర పిడుగుకి బిళ్ళలు అందించే పనిలో చేరాడు. అమ్మ మీద ప్రేమ పుట్టినప్పుడల్లా వంటగదిలోకి వస్తూ గుమ్మం దగ్గర అతిగా వంగేవాడు. ఆవిడ చీపురు తీసుకుని వెంటపడేది.

అలాంటి కొడుకు పోయి నెల తిరక్కుండానే రాజు ముఖం చెక్కమన్నారు. తిరకాసు అంచు చుట్టూ రాజు పేరు చెక్కాడు, అక్షరం అక్షరం తిరగేసి, ఒక్క పొల్లు కూడా తప్పకుండా. తర్వాత ముఖం దగ్గరకి వచ్చాడు. అక్కడ అతను చెక్కలేదు, చేతులు వాటంతటవే నడిచాయి. కళ్ళ ముందు కొడుకు ఎలా ఉన్నాడో అలాగే, తిన్నగా, ఉక్కులోకి దిగాడు. అన్నిటినీ తిరగేసేవాడు అన్నిటికంటే ముఖ్యమైనదాన్ని తిరగేయడం మరిచిపోయాడు.

మొదటి నాణెం పడ్డాక గానీ ఆ సంగతి తెలియలేదు. ముఖం అచ్చు గుద్దినట్టు కొడుకుదే. గాటు మాత్రం కుడి కనుబొమ మీద పడింది.

టంకశాల పెద్ద నాణేన్ని వెలుగుకి పట్టి చూశాడు. "ఈ గీత ఏమిటి?"

"యుద్ధంలో గాయమండీ," అన్నాడు తిరకాసు, నోటికొచ్చింది అనేసి.

పెద్దకి అది బ్రహ్మాండంగా నచ్చింది. తర్వాత ఊరూరా ఆ గాయం మీద పాటలు కట్టారు. వేట గుర్రం మీద నుంచి పడటం తప్ప వేరే దెబ్బ ఎరగని కుర్ర రాజు, నాణెం పుణ్యమా అని వీరుడైపోయాడు. ఆయన కూడా కాదనలేదని వినికిడి. అచ్చు అరిగిపోయినప్పుడల్లా, మొదటిదాన్ని చూసి ఉన్నదున్నట్టు చెక్కాలని ఆజ్ఞ. అలా తిరకాసు తన తప్పుని తనే మళ్ళీ మళ్ళీ చెక్కుతూ వచ్చాడు. మొదటి దిమ్మె మాత్రం అరగకుండా, మాదిరికోసం ఇనప్పెట్టెలో భద్రంగా ఉండేది.

జీతంలో ఆ కొత్త నాణెం మొదటిసారి వచ్చిన రోజు దాన్ని తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఏమీ చెప్పలేదు. ఆవిడ చూసింది. చూస్తూ చూస్తూ ముఖమంతా వెలిగింది. తర్వాత బొటనవేలితో కనుబొమ తడిమింది. వెలుగు ఆరిపోయింది.

"వీడెవడు?" అంది.

తిరకాసు పనిసంచి తీసి కొయ్యకి తగిలించాడు.

"మనవాడికి ఇటు. వీడికి అటు. ఎవరో మారాజు బిడ్డ. నాకెందుకు?" నాణెం తిరిగి అతని చేతిలో పెట్టేసి పనిలోకి వెళ్ళిపోయింది.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. కానీ ముఖం చెల్లలేదు. చెబితే, అచ్చులో సరిగ్గా ఉన్నాడని చెప్పాలి. సరిగ్గా ఉన్నవాణ్ణి చూపించమంటుంది. అచ్చు గడప దాటదు, ఆవిడ గడప ఎక్కకూడదు. కనబడని కొడుకుని ఉన్నాడని ఊరించడం కంటే నోరు మూసుకోవడం మేలనుకున్నాడు. ఆనాటి నుంచి ఆవిడ అంగట్లో ఏది కొన్నా నాణేన్ని బొమ్మ కిందికి, బొరుసు పైకి పెట్టి ఇచ్చేది. తిరకాసు అది చూసేవాడు, చూడనట్టు ఉండేవాడు.

అలా ఆరేళ్ళు గడిచాయి. కుర్ర రాజు పోయాడు. ఎలా పోయాడని అడిగే గుండె ఎవరికీ లేదు, ఎందుకంటే గద్దె ఎక్కింది ఆయన బాబాయి. వీధి వీధినా డప్పు వేశారు. పాత ముఖం ఇక చెల్లదు. ఆ వెండి నాణేలు ఉన్నవాళ్ళంతా అమావాస్య లోపల అప్పజెప్పి కొత్తది తీసుకోవాలి. దాచుకున్నవాళ్ళు రాజద్రోహులు. అన్నకొడుకు ముఖం రాజ్యంలో ఒక్కటి కూడా మిగలకూడదన్నది బాబాయిగారి పట్టుదల.

టంకశాల పెద్ద తిరకాసుని పిలిచాడు. కొత్త రాజు బొమ్మ ఈసారి పట్టు గుడ్డ మీద రాయించి పంపారు. బొద్దు ముఖం, కింద కండ వేలాడి రెండు గడ్డాలు. "ఒక గడ్డం తగ్గించు," అన్నాడు పెద్ద, గొంతు తగ్గించి. తర్వాత అసలు మాట చెప్పాడు. "పాత అచ్చులన్నీ రేపు పొద్దున కొట్టేయాలి. సాక్షుల ఎదుట. ముఖానికి అడ్డంగా ఉలి దిగాలి. ఆనవాయితీ తెలుసుగా, చెక్కిన చెయ్యే కొట్టాలి."

"మొదటి దిమ్మె ఒక్కటి ఉంచుదామండీ, మాదిరికి," అన్నాడు తిరకాసు.

"ఎవరికి మాదిరి?"

పెద్ద చెడ్డవాడు కాదు. తిరకాసు ముఖంలోకి చూసి, "నీకేదో బాధ ఉంది. అదేమిటో నాకు చెప్పకు. చెబితే నేను విన్నవాణ్ణి అవుతాను," అన్నాడు.

కొలిమి దగ్గర అప్పటికే మూటలు విప్పుతున్నారు. నాణేలు కరిగించే మూసలోకి జలజలా రాలుతున్నాయి. ఎన్ని వందల ముఖాలో. మొదట అంచు అక్షరాలు కరిగాయి, తర్వాత జుట్టు, తర్వాత కళ్ళు. మెరిసే ఒకే ముద్ద అయింది. పక్కన పిడుగు నిలబడి ఉన్నాడు. చప్పుడు లేకుండా వాడు నిలబడటం తిరకాసు ఎప్పుడూ చూడలేదు.

"నాకు మొదటి దెబ్బకే తెలుసు మావా," అన్నాడు పిడుగు. "నా పక్కన కూర్చుని బిళ్ళలందించినవాడు. వాణ్ణి నేను పోల్చుకోలేనా? ఇన్నేళ్ళూ వాడి ముఖం మీదే సమ్మెట వేశాను. వేసిన ప్రతిసారీ పాపం చేస్తున్నట్టే ఉండేది. చెబితే నువ్వు బాధపడతావని ఊరుకున్నా."

తిరకాసు వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరిలో ఎవరు ఎవర్ని ఓదార్చారో చెప్పడం కష్టం.

పొద్దు వాలకముందే ఇంటికి వచ్చేశాడు. భార్య వంటగదిలో పిండి కలుపుతోంది. వచ్చి గుమ్మం దగ్గర కూలబడ్డాడు. ఆరేళ్ళుగా గొంతులో అడ్డం పడ్డ మాట అప్పుడు బయటికొచ్చింది.

"రేపు మనవాణ్ణి నా చేత్తో కొట్టేయమంటున్నారే."

ఆవిడ చెయ్యి ఆగింది.

అంతా చెప్పాడు. నాణెం మీది ముఖం వాడిదేనని, తను తిరగేయడం మరిచిపోయాడని, అందుకే నాణెం మీద గాటు అటు పడిందని, ఉక్కులో మాత్రం వాడు సరిగ్గా ఉన్నాడని, ఎడమ కనుబొమ ఎడమకే ఉందని, ఇన్నేళ్ళూ రోజూ పొద్దున పెట్టె తీసి చూసుకుంటున్నాడని. చెబుతూ ఏడ్చాడు. ఆవిడ ఏడవలేదు. కోపంగా, పిండి చేతులతోనే అతని వైపు తిరిగింది.

"రోజూ చూసుకున్నావా? ఒక్కడివే?"

"నీకు చూపించే దారి లేదే."

"చూపించకపోతే చెప్పొచ్చుగా. వాడు ఎక్కడో ఒకచోట సరిగ్గా ఉన్నాడని తెలిస్తే చాలదా నాకు? ఆరేళ్ళు నాణేలు బోర్లా పెట్టాను. వాడి ముఖాన్నే నేలకేసి కొట్టాను కదయ్యా."

ఆ మాటకి తిరకాసు తల ఎత్తలేకపోయాడు. "దిమ్మె ఎలాగైనా పట్టుకొచ్చేస్తాను. నడుముకి కట్టుకుని..." అన్నాడు.

"తెచ్చి? నీ తల వాళ్ళకిచ్చి, ఇనప ముక్క నేను పెట్టుకోవాలా? వాడు పోయాడు. నువ్వు కూడా పోతే నేనెవరితో పోట్లాడను?"

ఆవిడ మళ్ళీ పిండి పిసకడం మొదలుపెట్టింది. పిడికిలి దింపిన చోట గుంటలు పడుతున్నాయి, ఒక్కో వేలు గుర్తూ పిండిలో దిగబడుతోంది. వాటి వంక చూస్తూ నెమ్మదిగా అడిగింది.

"గుంటలో ఉంటే మనవాడు. పైకి తేలితే రాజు. అంతేనా?"

"అంతే," అన్నాడు తిరకాసు. ఆవిడ ఎందుకడిగిందో ఆలోచించే ఓపిక అతనికి లేదు.

మర్నాడు పొద్దున సాక్షులు వరసగా కూర్చున్నారు. అరిగిన అచ్చులు ముందు పెట్టారు. వాటిని గబగబా కొట్టేశాడు. చివర్న ఇనప్పెట్టెలోంచి మొదటి దిమ్మె తీశారు. కిటికీ వెలుగు పక్క నుంచి పడుతోంది. గుంటల్లో వెలుగు అలా పడ్డప్పుడు కన్ను మోసపోతుంది. లోపలికి ఉన్నది బయటికి ఉబికినట్టు కనిపిస్తుంది. ఉక్కులోంచి కొడుకు తల బయటపెట్టి చూస్తున్నట్టే ఉంది. ఎడమ కనుబొమ మీద గాటు.

ఉలి ఆనించాడు. సమ్మెట పైకెత్తాడు, దించలేదు. సాక్షుల్లో ఒకడు దగ్గాడు. పిడుగు అడుగు ముందుకు వేసి, "నేను కొడతానండీ," అన్నాడు. పెద్ద తల అడ్డంగా ఊపాడు.

తిరకాసు కళ్ళు మూసుకున్నాడు. అయినా ఉలి ఎక్కడుందో చేతికి తెలుసు. ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బ అవసరం లేకుండా కొట్టాడు. కొడుక్కి అతను ఇవ్వగలిగింది అదొక్కటే.

ఆ రోజు అతనికి దారి గుర్తు లేదు. అంగడి వీధిలో కొత్త నాణేల కోసం జనం తోసుకుంటున్నారు. ఒకడు పాతదాన్ని గాల్లోకి ఎగరేసి, "కడసారి చూపు," అని నవ్వాడు. తిరకాసుకి కోపం కూడా రాలేదు. ఇంటి మలుపు దగ్గర వెండి పోగుచేసే అధికారి ఎదురొచ్చాడు, గోతం మోస్తున్న భటుడు వెనకాల. "మీ ఇంట్లోది పొద్దున్నే ముట్టింది. మీ ఆవిడ తనే పిలిచి ఇచ్చింది," అన్నాడు మెచ్చుకోలుగా. ఇంట్లో ఉన్న ఒక్క ముఖం కూడా పోయిందన్నమాట. అచ్చులో లేడు, నాణెం మీద లేడు. ఇక వాడు ఎలా ఉండేవాడో తమ ఇద్దరికీ మాత్రమే తెలుసు, తమ తర్వాత ఎవరికీ తెలియదు.

ఇంట్లో పొయ్యి వెలగలేదు. వంటగదిలోంచి పచ్చి మట్టి వాసన వస్తోంది. ఆవిడ మోచేతుల దాకా మట్టితో, పొయ్యి ముందు కూర్చుని ఉంది. పాత పొయ్యి చుట్టూ కొత్తగా మందంగా మెత్తింది.

"ఇవాళేం పని పెట్టుకున్నావే?" అన్నాడు నీరసంగా.

"వంగి రా. గుమ్మానికి తగులుతుంది," అంది.

వంగి వచ్చాడు. ఆవిడ పక్కకి జరిగి, గుమ్మంలోంచి వెలుగు పడేలా కూర్చుంది. పొయ్యి పక్క గోడ మీద, మంటకి దగ్గరగా, నాణెమంత గుంట ఉంది.

తిరకాసుకి ముందు భయమే వేసింది. ఒంట్లో ఇంకిన భయం. "నాణేన్ని మట్టిలో అద్దావా? చేతులు నరికేస్తారే!"

"ఎందుకు నరుకుతారు? ఆ రాజే లేడు. చెల్లని ముఖంతో దొంగ నాణేలు పోసుకునే పిచ్చి దొంగ ఎవడుంటాడు? వెండి వాళ్ళదే, వాళ్ళకిచ్చేశాను. గోతంలో నా చేత్తో వేశాను." ఆవిడ వేళ్ళకంటిన మట్టిని పొయ్యి అంచుకి రాసింది. "పొయ్యి మట్టిని ఎవరూ లెక్క అడగరు కదా."

జీవితమంతా అతను గుంటలోంచి నాణేన్ని తీశాడు. నాణెంలోంచి గుంట కూడా వస్తుందని అతనికి ఎప్పుడూ తట్టలేదు. అది దొంగల దారి, తలపుకే రాకూడని దారి. మోకాళ్ళ మీద కూర్చుని ముఖం దగ్గరగా పెట్టాడు. వెలుగు పక్క నుంచి పడింది. కన్ను మోసపోయింది. మట్టిలోంచి వాడు పైకి వచ్చాడు, ఉంగరాల జుట్టుతో, గడ్డం లేకుండా. గాటు ఎడమ కనుబొమ మీదే ఉంది. పొద్దున ఉలి దిగిన చోట ఏ గీతా లేదు.

"ఇటే కదా?" అంది ఆవిడ, సరిగ్గా ఉందని తెలిసీ.

"ఇటే."

"చుట్టూ ఆ అక్షరాలు మాత్రం ఎలాగో ఉన్నాయి. నాకు రాదనుకో. అయినా ఎక్కడో చూసినట్టుంది."

తిరకాసు చూశాడు. రాజు పేరు. నాణెం మీద తిన్నగా ఉన్న పేరు మట్టిలో మళ్ళీ తిరగబడింది. కుడి నుంచి ఎడమకి, ఒక్కో అక్షరం అటు తిరిగి. ఇప్పుడు దాన్ని ఏ రాజూ చదువుకోలేడు.

"వాడి రాతే," అన్నాడు. "వాడు ఇలాగే కదా రాసేవాడు."

అప్పుడు ఆవిడ ఏడ్చింది. ఆరేళ్ళలో అతని ఎదుట ఏడవడం అదే మొదలు. అతను గాటు తడుముదామని వేలు చాచాడు. ఆవిడ మట్టి చేత్తోనే అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

"ముట్టుకోకు," అంది. "ఇంకా పచ్చిగా ఉన్నాడు."